మేలుమందు చేసిన కీడు : బ్లియోమైసిన్ చరిత్ర

రోగమును చంపు మందు రోగిని కూడ కొంత బాధింపక మానదు. ఈ సంగతి మన పూర్వ వైద్యులకు తెలియనిది కాదు. పాదరసము, పాషాణము మొదలగు విషద్రవ్యములను శుద్ధిచేసి, గురిగింజల యెత్తున తూచి ఇచ్చుటయందే వారి నేర్పంతయు ఉండెడిది. క్యాన్సర్ చికిత్సలో ఈ చిక్కు మరింత హెచ్చు. క్షయక్రిమి, మలేరియా పరాన్నజీవి మొదలగునవి బయటినుండి వచ్చి చేరిన శత్రువులు. క్యాన్సర్ కణము అట్టిది కాదు. అది మన శరీరకణమే. అదుపు తప్పి పెరిగినది. దానిని చంపగల ద్రవ్యము దాని ప్రక్కనున్న మంచి కణమును కూడ ఎంతో కొంత తాకును.

క్యాన్సర్ మందుల వలన జుట్టు రాలుననియు, వాంతులగుననియు, రక్తకణములు తగ్గుననియు చాలమందికి తెలియును. ఇవి కంటికి కనిపించు కీడులు. పెక్కుసార్లు కొన్ని వారములలో, నెలలలో సర్దుకొనును. కాని కొన్ని చికిత్సల వలన ఊపిరితిత్తులు చెడుననియు, ఆ చెడుగు ఒక్కొక్కప్పుడు మరలిరానిదనియు తెలిసినవారు తక్కువ. ఈ కీడును వైద్యులెట్లు గుర్తించిరి, దాని కారణము నెట్లు వెదకిరి, దానికి హద్దు లెట్లు కట్టిరి అను చరిత్రకు బ్లియోమైసిన్ అను మందు మంచి ఉదాహరణము.

ఊపిరితిత్తుల నిర్మాణము

మన ఊపిరితిత్తులలో సన్నని గాలి గొట్టముల చివరల 30 కోట్లు మొదలు 50 కోట్ల వరకు వాయుకోశములు కలవు. వానినన్నింటిని విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల స్థలమును ఆక్రమించును. ఒక్కొక్క వాయుకోశము చుట్టును రక్తకేశనాళికలు వలవలె అల్లుకొని యుండును. ఇటు గాలికి, అటు రక్తమునకు నడుమనున్న పొర మందము మిల్లీమీటరులో వెయ్యవవంతు కంటె తక్కువ. ఆ పొర అంత పలుచగా నుండుటచేతనే ఆమ్లజని గాలినుండి రక్తములోనికి క్షణమాత్రమున చేరగలుగుచున్నది.

ఈ పలుచదనమే ఊపిరితిత్తుల బలము, బలహీనత కూడ. ఆ పొర దెబ్బతిన్నచో శరీరము దానిని మాన్పుటకు ప్రయత్నించును. చర్మముపై గాయము మానినచోట మచ్చ కట్టినట్లే ఇక్కడ కూడ పీచు కణజాలము పెరుగును. చర్మముపై మచ్చ వలన పెద్ద నష్టము లేదు. కాని వాయుకోశపు గోడలో మచ్చ కట్టినచో గోడ దళసరి యగును, ఊపిరితిత్తి బిరుసెక్కును, ఆమ్లజని దాటలేదు. రోగి ఎంత గాలి పీల్చినను అతనికి ఊపిరి చాలదు.

మరియొక సంగతి కూడ గమనింపదగినది. సిరలోనికి ఎక్కించిన ఏ మందునైనను హృదయము మొదట ఊపిరితిత్తులకే పంపును. అచ్చటినుండి మరలి వచ్చిన పిమ్మటనే అది తక్కిన శరీరమునకు పోవును. కావున మందుల మేలుకీడులు రెండును ఊపిరితిత్తులకు తప్పనివి.

తొలి హెచ్చరికలు

ఊపిరితిత్తుల కీడును మొదట చూపినది మందు కాదు, కిరణము. 1895 లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరముననే వైద్యులు వానిని రాచపుండ్లపై ప్రయోగింపసాగిరి. కాలక్రమమున యంత్రముల శక్తి పెరిగి, కిరణములు రొమ్ము లోతులకు చొచ్చుకొనిపోయినవి. 1922 లో అమెరికాలో గ్రూవర్, క్రిస్టీ, మెరిట్ అను వైద్యులు లోతు కిరణచికిత్స పొందిన రోగుల ఊపిరితిత్తులలో మార్పులను వర్ణించిరి. 1925 లో ఎవాన్స్, ల్యూకూషియా అను వారు ఈ విషయమును మరింత వివరముగా పరిశీలించిరి. కిరణము తగిలిన వెంటనే ఏమియు కనిపించదు. కొన్ని వారములు, నెలలు గడచిన పిమ్మట దగ్గు, ఆయాసము మొదలగును. మరికొన్ని నెలలకు ఆ భాగము మచ్చ కట్టును. చికిత్స ముగిసి, రోగి ఇల్లు చేరిన తరువాత బయటపడు కీడు ఇది.

మందుల వంతు తరువాత వచ్చెను. 1953 లో లండనులో బుసల్ఫాన్ అను మందు దీర్ఘకాలిక రక్తక్యాన్సర్ చికిత్సలో ప్రవేశించెను. మాత్రగా మ్రింగదగిన ఈ మందును రోగులు సంవత్సరముల తరబడి వాడుచుండిరి. 1961 లో అమెరికా వైద్యులు కొందరు ఈ మందు వాడినవారి ఊపిరితిత్తులలో పీచు కణజాలము పెరుగుటను ప్రకటించిరి. క్యాన్సర్‌ను అణచు మాత్ర ఊపిరితిత్తికి మచ్చ కట్టింపగలదని వైద్యలోకము తెలిసికొనెను.

ఈ సందర్భమున ఒక తెలుగువాని కృషిని స్మరింపవలసి యున్నది. రాంట్‌జెన్ కిరణములు బయటపడిన 1895 వ సంవత్సరముననే భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. ఫోలికామ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు ఆ ప్రయోగశాలలో తయారైనవి. 1948 లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో బాలల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికముగా శమింపజేయగలిగెను. మెథోట్రెక్సేట్ నేటికిని అమూల్యమైన ఔషధమే. అయినను 1969 లో ఆ మందు వలన కూడ కొందరు రోగులకు ఊపిరితిత్తుల వాపు కలుగుచున్నట్లు వైద్యులు ప్రకటించిరి. ఇంత మేలు చేసిన మందు కూడ ఈ నియమమునకు లోబడక తప్పలేదు.

బొగ్గుగని మట్టినుండి

ఇక బ్లియోమైసిన్ కథ. దీనిని కనుగొనినవాడు జపాను శాస్త్రజ్ఞుడు హమావో ఉమెజావా. ఇతడు 1914 లో జన్మించి 1986 లో మరణించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జపానులో పెన్సిలిన్ తయారుచేయుటకు జరిగిన కృషిలో ఇతడు పాల్గొనెను. యుద్ధానంతరము మట్టిలోని సూక్ష్మజీవులనుండి కొత్త మందులను తీయుటకు పూనుకొనెను. క్షయరోగమునకు ఉపయోగపడిన కనామైసిన్‌ను 1957 లో లోకమునకు తెలిపినది ఇతడే. ఆ మందు వలన వచ్చిన ఆదాయము ఆధారముగా 1962 లో టోక్యోలో సూక్ష్మజీవ రసాయన పరిశోధన సంస్థ వెలసెను.

మట్టిలోని సూక్ష్మజీవి క్షయక్రిమిని చంపు ద్రవ్యమును ఇయ్యగలిగినప్పుడు, క్యాన్సర్ కణమును చంపు ద్రవ్యమును ఏల ఇయ్యరాదు? ఉమెజావా ఈ ప్రశ్నను పట్టుకొని పనిచేసెను. 1956 లో అతని బృందము ఫ్లియోమైసిన్ అను ద్రవ్యమును ప్రకటించెను. అది జంతువులలోని గడ్డలను తగ్గించెను. కాని కుక్కలపై పరీక్షించినపుడు మూత్రపిండములను చెడగొట్టెను. అందుచే దానిని మానవులకు ఇచ్చుట సాధ్యము కాలేదు. ఆ గుణము గలదియు, ఆ దోషము లేనిదియు అగు ద్రవ్యమునకై అన్వేషణ సాగెను. ఫుకువోకా మండలములోని ఒక బొగ్గుగని మట్టినుండి వేరుచేసిన స్ట్రెప్టోమైసిస్ వెర్టిసిల్లస్ అను సూక్ష్మజీవి వారి కోరిక తీర్చెను. దానినుండి లభించిన ద్రవ్యము రాగితో కలిసి నీలివర్ణముతో ఉండెను. రాగిని తొలగించి శుద్ధిచేసిరి. ఇదియే బ్లియోమైసిన్. దీనిని గూర్చిన ప్రకటన 1966 లో వెలువడెను.

కుక్కల మూత్రపిండములను ఇది ఫ్లియోమైసిన్ వలె చెడగొట్టలేదు. టోక్యోలో ఇచికావా అను వైద్యుడు దీనిని రోగులపై పరీక్షించెను. చర్మమువంటి పొరలలో పుట్టు క్యాన్సర్‌లు, ముఖ్యముగా పురుషాంగమున వచ్చునవి, ఈ మందునకు లొంగినవి. దీనికి మరియొక గొప్ప గుణము కలదు. అప్పటికి వాడుకలోనున్న క్యాన్సర్ మందులలో చాల భాగము ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తకణములను తగ్గించుచుండెను. బ్లియోమైసిన్ మూలుగ జోలికి అంతగా పోదు. కావున దీనిని ఇతర మందులతో కలిపి ఇచ్చుట సులభము. 1973 లో అమెరికా ప్రభుత్వము కూడ దీని వాడుకకు అనుమతి నొసగెను.

మేలు చేసిన గుణమే కీడు చేసెను

అయితే మూలుగను విడిచిన మందు ఊపిరితిత్తులను విడువలేదు. చికిత్స పొందుచున్న వారిలో కొందరికి పొడిదగ్గు, సన్నజ్వరము, నడచునపుడు ఆయాసము కలుగుచుండెను. వైద్యుడు వీపుపై గొట్టము పెట్టి వినినచో ఊపిరితిత్తుల అడుగుభాగమున చిటపట శబ్దము వినవచ్చుచుండెను. ఎక్స్-కిరణ చిత్రములో ఆ భాగమున నీడలు కనిపించెను. కొందరిలో మందు మానివేసిన పిమ్మట ఈ లక్షణములు తగ్గినవి. మరికొందరిలో మచ్చ కట్టుట ఆగలేదు. వారు ఊపిరాడక మరణించిరి. మందుతో పాటు ముద్రించు వివరపత్రములో నేడు కనిపించు లెక్క ఇది: మందు పుచ్చుకొనినవారిలో సుమారు 10 శాతమునకు ఊపిరితిత్తుల బాధ కలుగును, సుమారు 1 శాతమునకు అది ప్రాణాంతకమగును.

ఊపిరితిత్తులే ఏల? ఈ ప్రశ్నకు సమాధానము కూడ ఉమెజావా బృందము నుండియే వచ్చెను. బ్లియోమైసిన్ జీవకణములోని ఇనుమును పట్టుకొనును. ఆ ఇనుము ఆమ్లజనితో కలిసి మిక్కిలి చురుకైన రూపము దాల్చును. ఈ రూపము వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. దారమును కత్తిరించును. దారము తెగిన కణము విభజన చెందలేక చచ్చును. అయితే శరీరములో చాల కణములకు ఒక రక్షణ కలదు. బ్లియోమైసిన్‌ను విరిచి నిర్వీర్యము చేయు ఎంజైము ఒకటి వానిలో నుండును. ఆ ఎంజైము తక్కువగా నున్న చోట్లు రెండు: చర్మము, ఊపిరితిత్తులు.

చర్మ సంబంధమైన క్యాన్సర్‌లపై ఈ మందు అంత బాగుగా పనిచేయుటకును, ఊపిరితిత్తులను అంతగా బాధించుటకును కారణము చాలవరకు ఒక్కటే అని దీనివలన తెలిసెను. రక్షణ లేని చోట మందు నిలిచి తన పని చేయును. అక్కడ నున్నది రోగకణమైనచో మేలు, ఆరోగ్యకణమైనచో కీడు. కొందరు రోగుల చర్మముపై కొరడాతో కొట్టినట్లు నల్లని చారలు పడును. చర్మముపై జరుగు కీడు కంటికి తెలియును. ఊపిరితిత్తులలో జరుగునది తెలియదు.

ఊపిరితిత్తులకు మరియొక ప్రతికూలత కూడ కలదు. ఈ మందు పదునెక్కుటకు ఆమ్లజని కావలయును. శరీరములో ఆమ్లజని అన్నిటికంటె సమృద్ధిగా దొరకు చోటు ఊపిరితిత్తులు కాక మరేది?

ప్రాణము నిలిపిన మిశ్రమము

ఇంత కీడు చేయు మందును వైద్యులు ఏల విడిచిపెట్టలేదని పాఠకులు అడుగవచ్చును. దానికి సమాధానము వృషణ క్యాన్సర్ చరిత్రలో నున్నది. ఈ వ్యాధి ఎక్కువగా 15, 40 సంవత్సరముల మధ్యనున్న యువకులకు వచ్చును. 1970 కి పూర్వము ఇది ఊపిరితిత్తులకో, కాలేయమునకో ప్రాకినచో చాలమంది బ్రతికెడివారు కారు. 1974 లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున లారెన్స్ ఐన్‌హార్న్ అను యువవైద్యుడు సిస్‌ప్లాటిన్, విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్ అను మూడు మందులను కలిపి ఇచ్చుట ప్రారంభించెను. 1977 లో అతడును, శస్త్రవైద్యుడు జాన్ డొనహ్యూయును ప్రకటించిన ఫలితములు వైద్యలోకమును ఆశ్చర్యపరచినవి. వ్యాధి శరీరమంతట ప్రాకిన రోగులలో సుమారు 70 శాతమునకు మందులతోనే గడ్డలు పూర్తిగా మాయమైనవి. 1987 లో విన్‌బ్లాస్టిన్‌కు బదులు ఎటొపొసైడ్ చేర్చిన మిశ్రమము అంతకంటె మెరుగని తేలెను. బ్లియోమైసిన్ మాత్రము రెండింటిలోను ఉండెను.

ఇచ్చట సమస్య స్వరూపము మారినది. రోగి ఎట్లును మరణించునన్నచో మందు చేయు కీడును ఎవరును అంతగా లెక్కింపరు. కాని ఇరువదియైదేండ్ల యువకుడు క్యాన్సర్ నుండి బయటపడి ఏబది యేండ్లు జీవింపగలడన్నపుడు అతని ఊపిరితిత్తులు ఎట్లుండుననునది పెద్ద ప్రశ్న యగును. నయముచేయగల శక్తి వచ్చిన తరువాతనే కీడును కొలుచు అవసరము తీవ్రమయ్యెను.

ఆ కొలతలో మొదటిది మోతాదు. బ్లియోమైసిన్ చేయు కీడు కూడుచు పోవు స్వభావము గలది. ఈ వారము ఇచ్చినది, పోయిన వారము ఇచ్చినది కలిసి లెక్కకు వచ్చును. మొత్తము 400 యూనిట్లు దాటినచో అపాయము వేగముగా పెరుగునని అనుభవము తెలిపెను. వృషణ క్యాన్సర్‌లో వారమునకు 30 యూనిట్ల చొప్పున ఒక విడతలో మూడుసార్లు, అనగా 90 యూనిట్లు ఇత్తురు. మూడు విడతలకు 270 యూనిట్లు, నాలుగు విడతలకు 360 యూనిట్లు అగును. ఈ లెక్క 400 గీత దాటకుండుట గమనింపదగినది. అయినను గీతకు ఈవల అపాయము లేదనుకొనరాదు. అంతకంటె తక్కువ మోతాదుతో కూడ కొందరికి కీడు జరిగినది.

రెండవది మూత్రపిండముల స్థితి. ఎంజైము విరువని బ్లియోమైసిన్‌లో అధికభాగము మూత్రము ద్వారా బయటికి పోవును. మూత్రపిండములు మందగించినచో మందు రక్తములో ఎక్కువకాలము నిలిచి ఊపిరితిత్తులపై పడును. ఇందొక చిక్కు కలదు. దీనితో కలిపి ఇచ్చు సిస్‌ప్లాటిన్ మూత్రపిండములను దెబ్బతీయగల మందు. ఒకటి తలుపు మూయగా రెండవది లోపల చిక్కుకొనినట్లు ఈ రెండు మందులును కలిసి కీడును పెంచవచ్చును. 2003 లో ఇంగ్లండులోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి వైద్యులు ఈ చికిత్స పొందిన 835 మంది రోగుల చరిత్రలను పరిశీలించి ప్రకటించిరి. వారిలో 57 మందికి, అనగా 6.8 శాతమునకు, ఊపిరితిత్తుల కీడు కలిగెను. 8 మంది మరణించిరి. మూత్రపిండములు మందగించినవారికి, 40 సంవత్సరములు దాటినవారికి, వ్యాధి చాల ముదిరినవారికి, 300 యూనిట్లు మించి పుచ్చుకొనినవారికి అపాయము ఎక్కువని తేలెను.

మూడవది ఊపిరితిత్తుల పరీక్ష. 1915 లోనే డెన్మార్కు శాస్త్రజ్ఞురాలు మేరీ క్రో ఒక ఉపాయము చెప్పెను. అతి స్వల్పముగా కార్బన్ మోనాక్సైడు కలిపిన గాలిని పీల్చి, కొంతసేపు ఊపిరి బిగబట్టి విడువవలయును. ఆ వాయువు ఎంత తగ్గినదో కొలిచినచో వాయుకోశపు గోడను అది ఎంత సులభముగా దాటినదో తెలియును. గోడ దళసరియైనచో దాటునది తగ్గును. మేరీ క్రో ఈ పరీక్షను చెప్పిన కాలమున క్యాన్సర్ మందుల మాటయే లేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఇది బ్లియోమైసిన్ రోగులను కనిపెట్టుటకు పనికివచ్చెను. ఇది తప్పులేని పరీక్ష కాదు. రక్తహీనత వంటి ఇతర కారణముల వలన కూడ అంకె తగ్గవచ్చును. అందుచే రోగి చెప్పు దగ్గును, ఆయాసమును ఈ అంకెతో చేర్చి వైద్యుడు ఆలోచింపవలసి యుండును.

శస్త్రచికిత్స బల్లపై

మందులు ముగిసిన తరువాత మిగిలిన గడ్డలను శస్త్రచికిత్సతో తీసివేయుట అవసరము కావచ్చును. ఇవి గంటల తరబడి సాగు శస్త్రచికిత్సలు. న్యూయార్కులోని మెమోరియల్ ఆసుపత్రిలో బ్లియోమైసిన్ పుచ్చుకొనిన రోగులు ఐదుగురు ఇట్టి శస్త్రచికిత్సల అనంతరము కొద్దికాలమునకే ఊపిరాడక మరణించిరి. గడ్డ తొలగినది, రోగము నయమగు స్థితికి వచ్చినది. అప్పుడు ప్రాణము పోయెను.

గోల్డినర్ మొదలగు వైద్యులు ఈ మరణముల కారణమును వెదకిరి. 1978 లో వెలువడిన వారి నివేదిక ప్రకారము, మరణించిన వారికి శస్త్రచికిత్స సమయమున ఇచ్చిన గాలిలో ఆమ్లజని సగటున 39 శాతము. మామూలు గాలిలో అది 21 శాతము మాత్రమే. మత్తు ఇచ్చు వేళ ఆమ్లజని కొంత ఎక్కువగా ఇచ్చుట అందరును చేయు పనియే. అది రోగి రక్షణకే. కాని బ్లియోమైసిన్ తాకిన ఊపిరితిత్తులకు ఆ రక్షణయే శత్రువగునేమో యని వారు శంకించిరి. తరువాతి 12 మంది రోగులకు ఆమ్లజనిని 24 శాతమునకు తగ్గించిరి. సిరలోనికి ఎక్కించు ద్రవములను కూడ జాగ్రత్తగా అదుపులో నుంచిరి. ఆ పన్నిద్దరిలో ఒక్కరును మరణింపలేదు.

ఈ నివేదిక ప్రపంచమంతట మత్తు వైద్యుల పద్ధతిని మార్చెను. అయితే శాస్త్రము ఒక్క నివేదికతో ఆగదు. ఆ వైద్యులు ఒకేసారి రెండు మార్పులు చేసిరి. రక్షించినది ఆమ్లజని తగ్గింపా, ద్రవముల తగ్గింపా? 1998 లో అదే ఆసుపత్రి నుండి డొనాట్, లెవీ అనువారు మరియొక పరిశీలన ప్రకటించిరి. రోగి కోలుకొనుటలో ఎక్కించిన ద్రవముల, రక్తముల పరిమాణమే ముఖ్యమనియు, ఆమ్లజనిని అంతగా బిగించుట అక్కరలేదనియు వారు తేల్చిరి. నేటికిని ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు. చాలచోట్ల వైద్యులు అనుసరించు మార్గము మధ్యస్థమైనది: రోగి రక్తమునకు చాలినంత ఆమ్లజని ఇత్తురు, అంతకు మించి ఇయ్యరు, ద్రవములను పొదుపుగా వాడుదురు.

మందును తీసివేయవచ్చునా?

కీడు చేయు మందును మిశ్రమమునుండి తొలగించి చూచిన నేమి? ఈ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పరాదు; పోల్చి చూడవలయును. 1995 లో అమెరికాలో ఇట్టి పరీక్ష ఫలితములు వెలువడినవి. తేలికపాటి వృషణ క్యాన్సర్ గల రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు మూడు మందులను, రెండవ గుంపునకు బ్లియోమైసిన్ లేకుండ రెండు మందులను మూడేసి విడతలు ఇచ్చిరి. మొదటి గుంపులో 95 శాతము, రెండవ గుంపులో 86 శాతము బ్రతికిరి. ఊపిరితిత్తులను కాపాడబోయి ప్రాణములను పోగొట్టుకొనుట జరుగునని ఆ అంకెలు తెలిపినవి. మూడు విడతల చికిత్సలో బ్లియోమైసిన్ ఉండవలసినదే యని నిర్ణయమయ్యెను.

కాని దారి అందరికి ఒకటి కాదు. 1996 లో సైకిలు పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఊపిరితిత్తులకు, మెదడుకు ప్రాకిన వృషణ క్యాన్సర్ బయటపడెను. అతని వృత్తి అంతయు ఊపిరిపై ఆధారపడినది. మొదటి విడతలో బ్లియోమైసిన్ ఇచ్చిరి. తరువాతి మూడు విడతలలో, ఇండియానా వైద్యులు దానికి బదులు ఐఫాస్ఫమైడ్ అను మందును వాడిరి. అది మూలుగను ఎక్కువ బాధించునది. అయినను ఊపిరితిత్తులను విడుచును. అతడు కోలుకొని మరల పందెములలో పాల్గొనెను. నిషిద్ధ మందులు వాడినందున అతని ఏడు టూర్ డి ఫ్రాన్స్ బిరుదులు 2012 లో రద్దయినవి. ఆ సంగతి వేరు. క్యాన్సర్ చికిత్సలో మాత్రము రోగి బ్రతుకుతెరువును బట్టి మందును ఎన్నుకొనుటకు ఇది ప్రసిద్ధమైన ఉదాహరణము.

హాడ్జికిన్ వ్యాధి అను లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో కథ మరియొక విధముగ నడచెను. ఇటలీలోని మిలాన్ నగరమున జియాన్ని బొనడొన్నా 1970 దశాబ్దమున నాలుగు మందుల మిశ్రమమును రూపొందించెను. అందు బ్లియోమైసిన్ ఒకటి. దశాబ్దముల తరబడి అదియే ప్రధాన చికిత్సగా నిలిచెను. 2016 లో ఒక పెద్ద పరీక్ష ఫలితములు వచ్చినవి. రెండు విడతల తరువాత దేహమును ప్రత్యేక యంత్రముతో చిత్రించి, వ్యాధి జాడ లేదని తేలిన రోగులలో సగముమందికి బ్లియోమైసిన్ మాన్పించిరి. మూడు సంవత్సరముల పిమ్మట వ్యాధి ముదరక నిలిచినవారు మందు కొనసాగించిన గుంపులో 85.7 శాతము, మాన్పించిన గుంపులో 84.4 శాతము. భేదము స్వల్పము. మాన్పించినవారిలో ఊపిరితిత్తుల బాధ తక్కువ. 2018 లో, ముదిరిన హాడ్జికిన్ వ్యాధిలో బ్లియోమైసిన్ స్థానమున బ్రెంటుక్సిమాబ్ అను కొత్త మందు చేర్చి కూడ మంచి ఫలితములు సాధించిరి.

ఒకే మందు, ఒక వ్యాధిలో తీసివేసినచో ప్రాణనష్టము, మరియొక వ్యాధిలో తగిన వేళ తీసివేసినచో లాభము. ఈ భేదమును తెలిపినది కొలిచి, పోల్చి చూచిన పరీక్షలే.

కీడునుండి పుట్టిన విద్య

బ్లియోమైసిన్ చేసిన కీడు మరియొక మార్గమున లోకమునకు ఉపకరించినది. ఏ కారణమును తెలియకుండ ఊపిరితిత్తులు మచ్చకట్టి క్షీణించు వ్యాధి ఒకటి మనుష్యులలో కలదు. దానిని పరిశోధించుటకు అట్టి వ్యాధి గల జంతువు కావలయును. 1970 దశాబ్దమున శాస్త్రజ్ఞులు ఎలుకలకు బ్లియోమైసిన్ ఇచ్చి ఆ స్థితిని కల్పించిరి. అప్పటినుండి ప్రపంచమంతట ఊపిరితిత్తుల మచ్చపై పరిశోధించువారు ఈ పద్ధతినే విశేషముగా వాడుచున్నారు. మచ్చ కట్టుటను మందగింపజేయు పిర్‌ఫెనిడోన్ అను మందును ఇట్లే జంతువులపై పరీక్షించిరి. జపాను ప్రభుత్వము దానికి 2008 లోను, అమెరికా ప్రభుత్వము 2014 లోను అనుమతి నిచ్చినవి.

నేటి కొత్త మందులు కూడ ఈ జాగ్రత్తను తప్పించుకొనలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడు గెఫిటినిబ్ మాత్రకు 2002 జూలైలో జపాను ప్రపంచమున అన్ని దేశములకంటె ముందుగా అనుమతి నిచ్చెను. డి.ఎన్.ఏ.ను కోయక, క్యాన్సర్ కణమునకు పెరుగుమని అందు సంకేతమును మాత్రమే ఆపు మందు గనుక ఇది సౌమ్యమైనదని పేరుపొందెను. కాని అదే సంవత్సరము అక్టోబరులో, ఊపిరితిత్తుల వాపు వలన సంభవించిన మరణములను గూర్చి అత్యవసర హెచ్చరిక జారీచేయవలసి వచ్చెను. శరీరపు రోగరక్షణశక్తిని క్యాన్సర్‌పైకి పురికొల్పు నేటి చికిత్సలలో కూడ, ఆ శక్తి కొందరి ఊపిరితిత్తులపైకే తిరుగుచున్నది. దారులు వేరైనను దెబ్బతిను చోటు ఒక్కటే.

ఊపిరితిత్తుల కీడును ముందుగా పట్టుకొనినచో చాలమందిని రక్షింపవచ్చును. కారణమైన మందును ఆపివేసి, వాపును తగ్గించు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మందులు ఇత్తురు. మచ్చ గట్టిపడిన పిమ్మట చేయగలిగినది తక్కువ. కావున క్యాన్సర్ చికిత్స పొందువారు, పొందినవారు, వారి ఇంటివారు కొన్ని విషయములు గుర్తుంచుకొనవలయును. కొత్తగా పొడిదగ్గు వచ్చినను, మెట్లెక్కునపుడు మునుపులేని ఆయాసము కలిగినను మామూలు జలుబని ఊరకుండక వైద్యునికి వెంటనే చెప్పవలయును. పొగత్రాగుట మానవలయును. చికిత్స ముగిసి సంవత్సరములు గడచినను, మరే కారణముచేతనైన శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చినపుడు, తాము పూర్వము బ్లియోమైసిన్ పుచ్చుకొనిన సంగతి మత్తు ఇచ్చు వైద్యునికి తప్పక తెలుపవలయును. ఆ మందు పేరు, పుచ్చుకొనిన మొత్తము మోతాదు, ముగిసిన తేదీ ఒక కాగితముపై వ్రాసి ఇంట భద్రపరచుకొనుట మంచిది.